నాలుగో ట్యాంకు చప్పుళ్ళు

జూన్ 3

బాబాయ్,

బాగున్నావా అని అడగను. బాగోలేకపోయినా బాగున్నాననే రాస్తావు. సూటిగా విషయానికొస్తా.

రాకెట్టు ఇంధనం పోసే నాలుగో ట్యాంకు ఇవాళ లారీ ఎక్కింది. వారంలో నీ టెస్టు స్టాండు మీద ఉంటుంది. అందులో సగం గుడ్డ నా చేతులతో పరిచిందే. అందుకే చెప్తున్నా, దాన్ని నమ్మకు.

నీకు వాల్వులు తెలుసు, గోడ సంగతి తెలీదు. మేం వాడేది నల్లటి కార్బన్ గుడ్డ. దానికి ముందే జిగురు పట్టించి ఉంటుంది. పొర మీద పొర వేస్తాం, ఒకటి నిలువు, ఒకటి అడ్డం, ఒకటి ఐమూల. తర్వాత పెద్ద పొయ్యిలో పెట్టి ఒత్తిడి మీద ఉడికిస్తాం. లోపల రేకు తొడుగేమీ లేదు. ఇంధనానికీ మనిషికీ మధ్య ఉన్నది ఆ గుడ్డా ఆ జిగురూ, అంతే.

నువ్వు పరీక్షకని దాంట్లో ఇంధనం బదులు ద్రవ నైట్రోజన్ పోస్తావు, సున్నాకి నూట తొంభై ఆరు డిగ్రీలు కింద. ఆ చలికి జిగురు ముడుచుకుపోతానంటుంది. కార్బన్ పోగు ససేమిరా ముడుచుకోదు. ఒకే దుప్పటి కింద ఇద్దరు పడుకుని చెరోవైపు లాక్కున్నట్టు. చివరికి చిరిగేది జిగురు. కంటికి ఆనని వెంట్రుకంత పగులు. ఒక పొరలో పగిలితే ఏమీ కాదు. కానీ నింపడం, ఖాళీ చెయ్యడం, మళ్ళీ నింపడం, ఇలా చలీ వేడీ మార్చి మార్చి తగిలితే ఈ పొరలో పగులూ పై పొరలో పగులూ ఒకదానికొకటి దారి ఇచ్చుకుంటాయి. ట్యాంకు బద్దలవదు. చుక్క కారదు. లోపలిది ఆవిరై, చడీచప్పుడు లేకుండా బయటికొచ్చేస్తుంది.

పొర ఎంత పల్చగా ఉంటే పగులు అంత ఆలస్యం. మొదటి మూడు ట్యాంకులకు పల్చటి గుడ్డ, నలభై ఎనిమిది పొరలు వేశాం. నాలుగోదానికొచ్చేసరికి పల్చటిది అయిపోయింది. రెట్టింపు మందం గుడ్డ తెచ్చి పడేసి, ఇరవై నాలుగు పొరలు చాలన్నారు. నేను ఇంజనీరు దగ్గరికెళ్ళి అడిగా. "మొత్తం మందం ఒకటే కదమ్మా, బలం కూడా అంతే" అన్నాడు. బలం గురించి నేనడగలేదు, పగులు గురించి అడిగానన్నా. "నువ్వెంతవరకు చదివావు?" అన్నాడు. పదో తరగతి అన్నా. నవ్వాడు. ఆ నవ్వుకి నాకు ఇంకా ఒళ్ళంతా మండుతోంది.

ఆయన బీరువాలోంచే ఈ గుడ్డల మీద ఉన్న లావుపాటి పుస్తకం తెచ్చుకున్నా. అడిగే తెచ్చాలే. డిక్షనరీ పక్కన పెట్టుకుని రోజుకు నాలుగు పేజీలు చదువుతున్నా.

ట్యాంకు కింద దూరి బోల్టులు చూసేది నువ్వేగా. జాగ్రత్త.

నీ కందిరీగ


జూన్ 11

కందిరీగా,

నీ ఉత్తరం, నీ ట్యాంకు పోయిన గురువారం ఒకే రోజు వచ్చాయి. ట్యాంకే ముందు దిగింది. నీ ఉత్తరం గేటు దగ్గర విప్పి చదివి, మళ్ళీ అంటించి ఇచ్చారు. ఇక్కడ అందరి ఉత్తరాలూ అంతే. ఫోన్లు గేటులోనే లాక్కుంటారు, వారానికోసారి గురువారం వ్యానులో ఉత్తరాలు వస్తాయి, పోతాయి. కాబట్టి ఇంజనీర్లను తిట్టేటప్పుడు కాస్త చూసుకుని తిట్టు.

నువ్వు భయపడుతున్నావని అర్థమైంది. నీ చేతి పనికి ఏ లోటూ లేదమ్మా. చుట్టూ తిరిగి చూశాను. ఒక్క ముడత లేదు, ఒక్క బొబ్బ లేదు. మీ నాన్న ఉంటే భుజం తట్టేవాడు. మొదటిసారి పెద్ద పని చేసినవాళ్ళకి ఈ దిగులు మామూలే. నేనూ మొదటి వాల్వు బిగించాక వారం రోజులు రాత్రిళ్ళు లేచెళ్ళి చూసొచ్చేవాణ్ణి.

ఇక్కడ ఒక పాత పద్ధతి ఉంది, నీకు నచ్చుతుంది. మూడడుగుల గట్టి కర్ర ఒక కొస ట్యాంకు కింది ఉంగరానికి ఆనించి, రెండో కొస చెవి వెనక ఎముకకు పెట్టుకుంటే లోపలి చప్పుళ్ళు వినపడతాయి. చలి పట్టేటప్పుడు, మళ్ళీ వేడెక్కేటప్పుడు నీ ట్యాంకు టిక్కు టిక్కు మంటుంది. ఆఫీసరు దగ్గర చప్పుళ్ళు వినే మిషను ఉంది, దాని తీగ తెగి నెల అయింది. అందుకని నేనే లెక్కపెట్టాను. మొదటిసారి మూడొందల పన్నెండు. రెండోసారి నూట తొంభై. మూడోసారి నూట ఇరవై ఒకటి.

నాతో పనిచేసేవాడొకడున్నాడు. మేం రేడియో అంటాం. నిద్రలో కూడా మాట్లాడతాడు. బోల్టు బిగిస్తూ బోల్టు జీవిత చరిత్ర చెప్తాడు. నీ ఉత్తరం వాడికి చదివి వినిపించాను. "మీ అమ్మాయి రాసింది నిజమైతే మనిద్దరం ఒకే దుప్పట్లో పడుకోకూడదు బాబాయ్" అన్నాడు. వాడికీ నేను బాబాయ్‌నే, మా ఇద్దరికీ రెండేళ్ళే తేడా.

వేళకు తిను.

బాబాయ్


జూన్ 17

బాబాయ్,

నేను భయపడట్లేదు. నా చేతి పని బాగాలేదని ఎప్పుడన్నాను? చేతి పని బాగానే ఉంది, చేతికిచ్చిన గుడ్డే తప్పు. నేను ఒకటి రాస్తే నువ్వు ఇంకోటి చదివి తల నిమిరి పంపుతావు. ఏడేళ్ళప్పటి నుంచీ ఇదే వరస.

కానీ ఆ లెక్కలు, అవి మటుకు బంగారం. గోడకి కాయితం అంటించి గీత గీశా. 312, 190, 121. పుస్తకంలో నాలుగో అధ్యాయంలో సరిగ్గా ఇదే ఉంది. మొదట్లో పగుళ్ళు జోరుగా వస్తాయి, తర్వాత తగ్గుతాయి, ఆఖరికి నిలకడకి వస్తుందట. ప్రతి చప్పుడూ ఒక కొత్త పగులు. చప్పుడు తగ్గిందంటే పగలడం తగ్గినట్టు. గీత ఇలాగే దిగి, నలభైకి తగ్గిందంటే ట్యాంకు సర్దుకున్నట్టే. అప్పుడు నిశ్చింతగా కిందికి దూరొచ్చు. నలభై దాటి ఉంటే మటుకు ఆఫీసరు నెత్తిన కూర్చున్నా దూరకు. ఇది రాసి పెట్టుకో.

నాలుగోసారీ అయిదోసారీ లెక్క ఏమైంది? గురువారం వ్యానుదాకా ఆగలేక, మొన్న గేటుకు ఫోన్ చేశా. ఎవడో ఎత్తి, "ఎమర్జెన్సీ అయితేనే పిలుస్తాం, ఏమిటి ఎమర్జెన్సీ?" అన్నాడు. మా బాబాయ్ ట్యాంకు కింద ఉన్నాడు, అదే ఎమర్జెన్సీ అన్నా. పెట్టేయబోతే నాలుగు మాటలు అన్నా. చివరికి రేడియో లైన్లోకొచ్చాడు. మా బాగా మాట్లాడాడు, పావుగంట. దాంట్లో పనికొచ్చేది ఒక్కటే, ట్యాంకు కింది గదిలోకి గాలి తోసే పెద్ద ఫ్యాను హోరులో నీకు చప్పుళ్ళు సరిగా వినపడట్లేదని, ఎనభయ్యో అరవయ్యో తేలట్లేదని. అందాజా లెక్క నాకొద్దు. లెక్కపెట్టేంతసేపూ ఆ ఫ్యాను ఆపించు. లెక్క తప్పితే మొత్తం తప్పుతుంది.

ఇంజనీరు మొహం ఇవాళ కూడా చూశా. గీత చూపించా. "కర్రతోనా?" అన్నాడు.

కందిరీగ


జూన్ 25

అమ్మా,

ఈసారి కోపంగా రాస్తున్నాను, తెలిసిపోవాలని చెప్తున్నా.

గేటు ఇన్‌ఛార్జిని నువ్వన్న మాటలు స్టాండు అంతా పాకాయి. ఇరవై రెండేళ్ళుగా ఇక్కడ ఎవరిచేతా మాట పడలేదు. ఆఫీసరు నన్ను పిలిపించి, అందరి ముందూ "ఇంట్లో ఆడపిల్లను అదుపులో పెట్టుకోలేనివాడివి వాల్వు ఏం అదుపులో పెడతావయ్యా" అన్నాడు. ఇంకోసారి గేటుకు ఫోన్ చేశావంటే నాకు ఉత్తరం కూడా రాయకు. చెప్పేది ఏదున్నా కాయితం మీద చెప్పు. అంతే.

ఇక నీ పని. ఫ్యాను ఆపించాను. నిజమే, చెవిలో దూది తీసినట్టుంది. నాలుగోసారీ అయిదోసారీ లెక్కలు వదిలెయ్, అవి ఊహలే. ఆరోసారి యాభై రెండు. ఏడోసారి ముప్పై ఎనిమిది.

నీ నలభై మాట ఆఫీసరుకు చెప్పాను. నీ పేరెత్తలేదు, అనుభవం మీద చెప్తున్నానన్నాను. ఆయన ముఖం విప్పారింది. నింపిన ప్రతిసారీ కింద దూరే ముందు ఫ్యాను వేసి గంటసేపు ఆగాలని రూలు. ఆ గంట మిగిలితే నెలాఖరుకి పన్నెండు సార్లూ అయిపోతాయట. "ట్యాంకు సర్దుకుందంటున్నావుగా, ఇంక ఆ గంట దేనికి" అన్నాడు. కాబట్టి నేను పైన కర్ర పెట్టుకుని లెక్కపెడుతుంటే రేడియో కింద బోల్టులు చూసేస్తున్నాడు. రెండు పనులూ ఒకేసారి తెమిలిపోతున్నాయి.

వాడు నిన్ను తెగ మెచ్చుకుంటున్నాడు. "గేటువాణ్ణి తిట్టిన పిల్ల లెక్క తప్పు చెయ్యదు" అంటాడు. వాణ్ణి నమ్మి ఇంకోసారి తిట్టకు.

బాబాయ్


జూన్ 30

బాబాయ్,

నేను రాసింది తప్పు. మొదటి వాక్యమే ఇది పెడుతున్నా, మిగతాది చదవకపోయినా సరే. చప్పుడు తగ్గితే మంచిదన్నానే, అది తప్పు. నలభై లేదు, గిలభై లేదు. కిందికి ఎవరూ దూరకండి. ఫ్యాను ఆపకండి.

జరిగింది చెప్తా. నాలుగో ట్యాంకుకు మూత కోసం గుండ్రంగా కోసేసిన ముక్క చెత్తబుట్టలో దొరికింది. మూడో ట్యాంకు ముక్క కూడా. మా దగ్గర ఇనుప మేకుల్ని చలికి ముడుచుకునేలా చేసి బిగువుగా దించడానికి నైట్రోజన్ తొట్టి ఒకటుంది. రెండు ముక్కల్నీ అందులో ముంచడం, తీసి ఆరబెట్టడం, మళ్ళీ ముంచడం. చెవి దగ్గర పెట్టుకుంటే నీ ట్యాంకులాగే టిక్కుమన్నాయి. నాలుగోదాని ముక్క మొదట గోల గోల. తర్వాత తగ్గింది. తొమ్మిదోసారికి దాదాపు మూగబోయింది. నేను సంబరపడ్డా. చూడు, సర్దుకుందని.

వెల్డింగు పగుళ్ళు చూసే ఎర్ర మందు ఉంటుందిగా, అది ముక్కల మీద రాసి, వెనక తెల్ల కాయితం అంటించి, అన్నం తినొచ్చా. మూడోదాని కాయితం తెల్లగానే ఉంది. నాలుగోదాని కాయితం మీద ఎర్రటి చుక్కలు, వరసగా, గుడ్డ నేతలాగే. ఒక వైపు నుంచి రెండో వైపుకి దారి పడిపోయింది.

పుస్తకం తెరిచా. నాలుగో అధ్యాయం దగ్గరే ఆగిపోయి నీకు రాసేశానుగా. అయిదో అధ్యాయం మొదటి పేజీలోనే ఉంది. పొర ఇంక పగలడానికి చోటు మిగలకపోతే చప్పుడు ఆగిపోతుందట. నిలకడ అంటే అదీ. సర్దుకోవడం కాదు, పగలాల్సిందంతా పగిలిపోవడం. ఆవిరి బయటికి ఎక్కువగా వచ్చేది అప్పుడే. ఇంకొక్క పేజీ తిప్పి ఉంటే ఆ ఉత్తరం అలా రాసేదాన్ని కాదు.

నైట్రోజన్‌కి వాసన లేదు, రంగు లేదు. చల్లగా ఉన్నప్పుడు పైకి లేవదు, ట్యాంకు కింద గదిలోనే గూడు కట్టుకుని ఉంటుంది. అందులోకి దూరినవాడికి ఊపిరాడట్లేదన్న సంగతి కూడా తెలీదట. రెండు మూడు సార్లు పీలిస్తే చాలు.

ఫోన్ దగ్గరికి వెళ్ళా. నంబరు సగం నొక్కి పెట్టేశా. కాయితం మీద చెప్పమన్నావుగా, కాయితం మీదే చెప్తున్నా. ఎల్లుండి వ్యానుకి అందుతుంది.

కందిరీగ


జూలై 9

అమ్మా,

రేడియో పోయాడు.

నువ్వు ఉత్తరం రాసిన మర్నాడు, బుధవారం పగలు. తొమ్మిదోసారి నింపి ఖాళీ చేశాక. ఫ్యాను ఆపాం, నేను కర్ర పెట్టుకున్నాను, వాడు కింద బోల్టులు చూస్తున్నాడు. లెక్క అయ్యాక పిలిస్తే పలకలేదు. ఊపిరి బిగబట్టి దూరాను. కాలు పట్టుకుని సగం దూరం లాగగలిగాను, తర్వాత నాకూ తెలీదు. నన్ను గడప దగ్గర నుంచి ఎవరో లాగారట. కళ్ళు తెరిచేసరికి వాణ్ణి గుడ్డ కప్పేసి ఉంచారు. నాకు ఒళ్ళు బాగానే ఉంది.

నీ ఉత్తరం మర్నాడు వచ్చింది. గేటులో విప్పారు, చదివారు, నాకివ్వలేదు. తిన్నగా ఆఫీసరు బల్ల మీదికి వెళ్ళింది.

విచారణకి ముగ్గురొచ్చారు. వాళ్ళు కూర్చోకముందే ఆఫీసరు నన్ను గదిలోకి పిలిచి తలుపేశాడు. నీ ఉత్తరం చూపించి చాలా మర్యాదగా మాట్లాడాడు. "ఈ ఉత్తరం ఫైల్లోకి వెళ్ళిందనుకో, ఫ్యాను ఆపమన్నది ఎవరో తేలుతుంది. ఆ పిల్ల ఉద్యోగం పోతుంది, కేసు కూడా అవుతుందేమో. నీదీ అంతే" అన్నాడు. ముందే టైపు చేసిన కాయితం ఇచ్చాడు. ఫ్యాను రేడియోనే తనంతట తాను ఆపుకున్నాడని, ఎవరికీ చెప్పకుండా కిందికి దూరాడని. మందం గుడ్డ ఊసు అందులో లేదు. గంట ఆగక్కర్లేదన్న మాట కూడా లేదు.

సంతకం పెట్టాను.

పోయినవాడికి ఇంక నష్టమేముందని నాకు నేను చెప్పుకున్నాను. నువ్వు ఉన్నావు. మీ నాన్న నా చేతిలో పెట్టిపోయింది నిన్నొక్కదాన్నే. నీ పాత ఉత్తరాలు పొయ్యిలో పెట్టేశాను. నువ్వేమీ రాయలేదు, నేనేమీ చదవలేదు. ఈ ఉత్తరం కూడా వ్యానులో పంపట్లేదు, సెలవు మీద వెళ్తున్నవాడి చేతికిస్తున్నాను. చదివి చింపెయ్.

బాబాయ్


జూలై 15

బాబాయ్,

చింపలేదు.

ఇప్పుడు రాస్తున్నా. నీకు కోపం వస్తే రానీ.

నన్ను కాపాడమని ఎవరడిగారు నిన్ను? నువ్వెప్పుడూ ఇంతే. నేనొకటి చెప్తే నా కోసమని ఇంకోటి చేస్తావు. చచ్చిపోయినవాడి మీద తోసేసి నన్ను బతికిస్తావా. ఆ మనిషి పావుగంట ఫోన్లో నాతో మాట్లాడాడు. నువ్వు రాత్రి సరిగా నిద్రపోవట్లేదని, దగ్గు మందు వేసుకోవట్లేదని, నువ్వు రాయనివన్నీ చెప్పాడు. వాడు నా లెక్క నమ్మి కిందికెళ్ళాడు. ఫ్యాను ఆపమన్నది నేను. నలభై అన్నది నేను. పుస్తకం సగం చదివి పండితురాలిలా రాసింది నేను. తప్పని తెలిశాక ఫోన్ చెయ్యకుండా నంబరు సగంలో పెట్టేసింది కూడా నేనే. నువ్వు వద్దన్నావనా? కాదు. నన్నే తిట్టావుగా, అనుభవించు అని రోషం. మనిషి ప్రాణం ముందు నా రోషం. ఇది నీకు తప్ప ఇంకెవరికీ చెప్పలేను.

నా తప్పు ఇంత ఉంది కదా అని వాళ్ళ తప్పు మాసిపోదు. మందం గుడ్డ వేయించింది వాళ్ళు. తెగిన తీగ నెల రోజులు వదిలేసింది వాళ్ళు. ఆ గంట మింగేసింది వాళ్ళు. నువ్వు ఆ కాయితం మీద సంతకం పెట్టి నా తప్పు ఒక్కటే దాచాననుకుంటున్నావు. మొత్తం దాచావు. అయిదో ట్యాంకుకి కూడా మందం గుడ్డే వచ్చింది, నిన్నటి నుంచి పరుస్తున్నారు. నేను పరవనన్నా. నా పాసు లాక్కున్నారు.

ఇరవయ్యో తారీకున విచారణ వాళ్ళు ఇక్కడి ఆఫీసుకు వస్తున్నారు. రెండు ముక్కలూ, ఎర్ర చుక్కల కాయితమూ తీసుకుని వెళ్తున్నా. నీ లెక్కలున్న ఉత్తరాలు నా దగ్గరున్నాయి, అవీ ఇస్తా. ఫ్యాను ఆపమని రాసింది నేనేనని చెప్తా. దాంతో నీ సంతకం అబద్ధం అవుతుంది, నిన్ను అబద్ధాలకోరుగా నిలబెట్టేది నేనే అవుతా. ఈలోపు నువ్వే వెళ్ళి వెనక్కి తీసుకుంటే తీసుకో. నిన్ను అడగట్లేదు. చెప్తున్నా.

కందిరీగ


జూలై 23

అమ్మా,

నీ ఉత్తరం పదిహేడున చేతికందింది, సెలవు మీద వెళ్ళినవాడే తిరిగొస్తూ తెచ్చాడు. పద్దెనిమిదిన సెలవు పెట్టి రేడియో వాళ్ళింటికి వెళ్ళాను. రెండు బస్సులు మారాలి. మెట్ల కింద చిన్న వాటా. వాడి భార్య తలుపు తీసి, నేనెవరో చెప్పకముందే "బాబాయ్ గారు కదా" అంది.

అంతా చెప్పాను. సంతకం గురించి, నలభై గురించి, నీ గురించి కూడా. ఆవిడ ఏడవలేదు, తిట్టలేదు. తిడితే బాగుండేది. అక్కణ్ణుంచి తిన్నగా విచారణ వాళ్ళ దగ్గరికి వెళ్ళి, నా సంతకం తప్పని రాసిచ్చాను. అంటే నువ్వు వెళ్ళడానికి రెండు రోజుల ముందే. వాళ్ళు నీకు ఆ మాట చెప్పారో లేదో. నాలుగో ట్యాంకును స్టాండు మీంచి దించేశారు. అయిదోదాని పని ఆపారని విన్నాను, ఎన్నాళ్ళో తెలీదు. నన్ను పిలిచినప్పుడు డ్యూటీకి రమ్మన్నారు, అప్పటిదాకా రావద్దన్నారు. నీ మీద ఏం రాశారో నాకు చెప్పలేదు.

నీకు రాసినదాంట్లో ఒకటి దాచాను. అది కూడా ఆవిడకే మొదట చెప్పాల్సొచ్చింది.

నేను లేవబోతుంటే అడిగింది, "ఆఖర్న ఏం మాట్లాడుతున్నాడండీ?" అని. వాడు మాట్లాడకుండా పోయి ఉంటాడని ఆవిడకు నమ్మకం లేదు.

నిజమే, మాట్లాడుతూనే ఉన్నాడు. ఏదో బోల్టు గురించి, దాని పక్క బోల్టు గురించి. నాకేమో చప్పుళ్ళు అందట్లేదు. "ఒరేయ్, కాసేపు నోరు మూసుకోరా, లెక్క తప్పుతోంది" అని అరిచాను. ఆగిపోయాడు. ఎప్పుడూ ఒక్కమాటకు ఆగనివాడు ఆ రోజు ఆగాడు. హమ్మయ్య అనుకున్నాను. పావుగంటసేపు కర్ర మీద చెవి పెట్టుకుని, పక్కన అంత నిశ్శబ్దంగా ఉంటే, హాయిగా లెక్కపెట్టుకున్నాను. పందొమ్మిది వచ్చింది. ఇంత తక్కువ ఎప్పుడూ రాలేదని, నీకు రాయాలని సంతోషపడ్డాను. అప్పుడు పిలిచాను.

ఆవిడకి అదే చెప్పాను. నోరు మూసుకోమన్నానమ్మా, మూసుకున్నాడనుకున్నాను అని.

కొంగు మడతలు సర్దుకుంది. తర్వాత, "ఇంట్లో మేమూ రోజూ అదే అనేవాళ్ళం" అంది.

బాబాయ్